గోపురం మీద దేవత, నేలమాళిగలో ముగ్గురమ్మలు

అమెరికాలో కొడుకో, కూతురో, అక్కచెల్లెళ్ళ పిల్లలో లేని ఇల్లు ఇప్పుడు మన పేటల్లో అరుదైపోయింది. పురుడు పొయ్యడానికని వెళ్ళిన పెద్దవాళ్ళు ఆర్నెల్లకి తిరిగొచ్చి చూపించే ఫొటోల్లో, తెల్లటి పెద్ద గుమ్మటం ముందు చీర మీద స్వెట్టరు వేసుకుని నిలబడ్డ ఫొటో ఒకటి తప్పకుండా వుంటుంది. "ఇదేనా వైట్‌హౌస్?" అని అడుగుతాం మనం. కాదండీ. వైట్‌హౌస్ ప్రెసిడెంటు గారి నివాసం. దానికి గుమ్మటం లేదు. ఈ గుమ్మటం వున్నది కాపిటల్ భవనం, అంటే వాళ్ళ పార్లమెంటు. అందులో రెండు సభలు కూర్చుంటాయి, సెనేట్ ఒకటి, ప్రతినిధుల సభ ఒకటి. రెండూ కలిపితే కాంగ్రెస్. మన కాంగ్రెస్ పార్టీకీ ఆ పేరుకీ చుట్టరికమేమీ లేదు.

ఈ భవనం గురించి చెప్పేవాళ్ళు సాధారణంగా పొడవెంత, ఎత్తెంత అని మొదలుపెడతారు. అదీ చెప్పేస్తాను. పొడవు 751 అడుగులు. గుమ్మటం కొసనున్న విగ్రహం దాకా ఎత్తు 288 అడుగులు. కాని నా ధ్యాస ఆ లెక్కల మీద లేదు. ఇల్లు చూసి ఇల్లాల్ని చూడమన్నారు మన పెద్దలు. రెండు వందల ఏళ్ళు దాటిన ఆ ఇంట్లో ఆడవాళ్ళని ఎక్కడ నిలబెట్టారు, ఎవర్ని ఏ మూలకి నెట్టారు, మూలకి పోయినవాళ్ళు మళ్ళీ ఎలా పైకొచ్చారు – రాతిలో, రంగుల్లో, కంచులో – ఇదీ ఈ పూట మనం చెప్పుకోబోయే ముచ్చట.

1793 సెప్టెంబరు 18న జార్జి వాషింగ్టన్ స్వయంగా శంకుస్థాపన చేశాడు. అప్పటికి ఆ నగరం చాలామట్టుకు కాగితం మీదే వుంది. భవనం నమూనా కోసం పోటీ పెడితే గెలిచినవాడు శిల్పీ కాడు, మేస్త్రీ కాడు. విలియం థార్న్‌టన్ అనే వైద్యుడు. ఇళ్ళు కట్టే విద్య సొంతంగా నేర్చుకున్నాడు. గడువు దాటిపోయాక పంపించాడు తన నమూనా, అయినా అదే నచ్చింది. బహుమానం 500 డాలర్లు, ఊళ్ళో ఒక ఇంటిస్థలం. 1800 నవంబరులో కాంగ్రెస్ ఫిలడెల్ఫియా నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చేసరికి ఉత్తరం వైపు భాగం ఒక్కటే సిద్ధమైంది. గృహప్రవేశం నాటికి ఒక గదీ వంటిల్లూ మాత్రమే పూర్తయిన ఇళ్ళు మనకి మాత్రం తెలియనివా!

తర్వాత ఇంగ్లండుతో యుద్ధం వచ్చింది. 1814 ఆగస్టు 24న ఇంగ్లీషు సైన్యం ఊళ్ళోకి వచ్చి ఈ భవనానికి నిప్పు పెట్టింది. అదృష్టం కొద్దీ పెద్ద వాన పడి పూర్తిగా బూడిద కాకుండా మిగిలింది. అలా మిగిలినవాటిలో నాకు ముచ్చటగొలిపేవి మొక్కజొన్న స్తంభాలు. గ్రీకుల పద్ధతిలో కట్టే స్తంభాల తలల మీద ఆ దేశపు ఆకులు చెక్కడం ఆనవాయితీ. అప్పుడు పని చూస్తున్న బెంజమిన్ లాట్రోబ్ ఆ ఆకులు మానేసి, అమెరికా పొలాల్లో పండే మొక్కజొన్న కంకుల్ని పొత్తి ఒలిచీ ఒలవనట్టు చెక్కించాడు. అది 1809 నాటి మాట. తాను అంత శ్రమపడి కట్టిన మిగతా పనికంటే ఈ కంకులకే సభ్యుల దగ్గర ఎక్కువ మెప్పు వచ్చిందని ఆయన ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. వంటలన్నీ వదిలేసి పచ్చడి బాగుందన్నట్టు!

ఇంతకీ ఆ రాళ్ళు ఎవరు మోశారు? వర్జీనియాలో ఎక్వియా క్రీక్ అనే చోట ఇసుకరాయి తవ్వి పడవల మీద తెచ్చేవారు. తవ్వినవాళ్ళలో, మోసినవాళ్ళలో, దుంగలు కోసినవాళ్ళలో చాలామంది నల్లజాతి బానిసలు. వాళ్ళని యజమానుల దగ్గర్నుంచి అద్దెకి తీసుకునేవారు, మనం పెళ్ళికి గుండిగలు తెచ్చుకున్నట్టు. అద్దె డబ్బు యజమాని చేతికే పోయేది. ఆనాటి జీతాల చిట్టాలు ఇప్పటికీ వున్నాయి. వాటిలో పని చేసినవాడికి ఒట్టి పేరే వుంటుంది, ఇంటిపేరు వుండదు. పక్కన డబ్బు పుచ్చుకున్న యజమానికి మాత్రం పూర్తి పేరు. మనుషులంతా సమానమని ప్రకటించుకున్న దేశం తన సభాభవనాన్ని కట్టించుకున్న తీరు ఇది.

గుమ్మటం సంగతికి వస్తాను. 1850 నాటికి రాష్ట్రాలు పెరిగాయి, సభ్యులు పెరిగారు, ఇల్లు చాల్లేదు. థామస్ వాల్టర్ అనే ఆయన రెండు పక్కలా పాలరాతి భాగాలు కలిపాడు. దాంతో నడుమనున్న పాత చెక్క గుమ్మటం పెద్ద పీట మీద చిన్న చెంబు పెట్టినట్టు కనిపించింది. దాన్ని తీసేసి 1855 నుంచి 1866 దాకా కొత్తది లేపారు. ఇది రాయి కాదు, పోత ఇనుము. బరువు 40 లక్షల కిలోల పైమాటే. రాతి రంగు వేశారు కాబట్టి చెప్తే తప్ప తెలియదు.

మన గోపురాలకి కలశం వున్నట్టు దాని కొసని ఒక విగ్రహం వుంది. స్వేచ్ఛాదేవత. పంతొమ్మిదిన్నర అడుగుల కంచు స్త్రీమూర్తి, ఒక చేత కత్తి, ఒక చేత డాలు. థామస్ క్రాఫర్డ్ అనే అమెరికా శిల్పి రోమ్ నగరంలో కూర్చుని దీని నమూనా చేశాడు. మొదట ఆ తల్లి నెత్తిన ఒక మెత్తటి టోపీ పెట్టాడు. పూర్వం రోమ్‌లో బానిసత్వం వదిలిన వాళ్ళకి ఆ టోపీ గుర్తు. భవనం పని అజమాయిషీ అప్పుడు యుద్ధమంత్రి జెఫర్సన్ డేవిస్ చేతిలో వుండేది. ఆయన స్వయానా బానిసల యజమాని. ఆ టోపీ ససేమిరా వద్దన్నాడు. స్వేచ్ఛగా పుట్టినవాళ్ళకి విడుదలైన బానిస గుర్తు ఎందుకని ఆయన వాదన. చేసేదిలేక క్రాఫర్డ్ టోపీ తీసి శిరస్త్రాణం పెట్టాడు. దాని మీద గద్ద తల, ఈకలు. కింద నుంచి చూసేవాళ్ళు ఇప్పటికీ ఆమెని ఆదివాసీ స్త్రీ అనుకుంటారు. ఈ డేవిస్ గారే తర్వాత దక్షిణాది రాష్ట్రాలు విడిపోతే వాటికి ప్రెసిడెంటయ్యాడు.

క్రాఫర్డ్ 1857లో పోయాడు. నమూనా ముక్కల్ని ఓడకెక్కిస్తే ఓడకి చిల్లులు పడి దారిలో ఆగి, ఆగి, ముక్కలన్నీ వాషింగ్టన్ చేరేసరికి 1859 మార్చి అయింది. దాన్ని కంచులో పోత పొయ్యడం క్లార్క్ మిల్స్ అనే శిల్పి పోతశాలలో. ఆయన దగ్గర ఫిలిప్ రీడ్ అనే బానిస పనివాడు వుండేవాడు. నమూనాని జోడించి నిలబెట్టిన ఇటలీ పనివాడు, కూలి పెంచితేగాని ముక్కలు విడదీసే కిటుకు చెప్పనని భీష్మించాడట. రీడ్ బొమ్మ తలకున్న ఇనపకొంకీకి తాడు కట్టి కప్పీతో మెల్లగా పైకి లాగించాడనీ, అతుకుల దగ్గర సన్నగా బీట తేలితే ముక్కల జాడ దొరికిందనీ చెప్పుకుంటారు. ఆ తర్వాత కొలిమి మంట కాపలా కూడా ఆయనదే.

వారం రోజుల కూలి యజమాని ఖాతాకే. ఆదివారాల కూలి మాత్రం రీడ్‌కే ఇచ్చారు, రోజుకి ఒక డాలరూ పాతిక సెంట్లు. 33 ఆదివారాలకి మొత్తం 41 డాలర్ల 25 సెంట్లు. సంతకం చెయ్యడం రాదు కనుక ఇంటూ గుర్తు పెట్టి పుచ్చుకున్నాడు. స్వేచ్ఛాదేవతకి పోత పోసిన మనిషికి స్వేచ్ఛ లేదు చూడండి! 1862 ఏప్రిల్ 16న వాషింగ్టన్ నగరంలోని బానిసల్ని విడుదల చేస్తూ చట్టం వచ్చింది. 1863 డిసెంబరు 2న దేవత తలా భుజాలూ పైకెక్కించి, 35 ఫిరంగులు పేల్చి పండగ చేసేనాటికి రీడ్ తన కాళ్ళ మీద తాను నిలబడ్డ మనిషి.

అంతర్యుద్ధం జరుగుతుండగానే ఇదంతా జరిగింది. 1861లో వేలాది సైనికులు ఈ భవనంలోనే బస చేశారు. నేలమాళిగలో పెద్ద పెద్ద బట్టీలు పెట్టి సైన్యానికి రొట్టెలు కాల్చారు. ఆ పొగ పైనున్న లైబ్రరీకి ఎగబాకి పుస్తకాలు పాడైపోతున్నాయని గొడవ లేస్తే 1862లో బట్టీలు ఎత్తేశారు. కొన్నాళ్ళు ఆస్పత్రి కూడా నడిచింది. చట్టసభలో వంటపొగ కమ్మిన రోజులు అవే.

ఇక గుమ్మటం లోపలికి రండి. కింద నిలబడితే 96 అడుగుల వెడల్పున గుండ్రటి మండపం. మెడ ఎత్తితే 180 అడుగుల ఎత్తున కప్పు మీద బ్రహ్మాండమైన చిత్రం. లేపాక్షి కప్పు కేసి మెడ నొప్పి పుట్టేదాకా చూసినవాళ్ళకి ఆ పాటు తెలుస్తుంది. దాన్ని వేసినవాడు కాన్‌స్టాంటినో బ్రుమిడి. రోమ్‌లో పుట్టి 1852లో అమెరికా వచ్చాడు. సున్నం పూత తడిగా వుండగానే రంగు వెయ్యాలి, ఆరితే ఇక పట్టదు. అందుకని ఆ పూటకి ఎంత వెయ్యగలిగితే అంతే పూత పూయించుకునేవాడు. ముగ్గుపిండి జారే వేళ్ళున్నవాళ్ళకి ఆ తొందర అర్థమవుతుంది. 1865లో పదకొండు నెలల్లో 4,664 చదరపు అడుగులు పూర్తి చేశాడు. ముట్టింది 40,000 డాలర్లు.

ఆ చిత్రంలో వాషింగ్టన్ మబ్బుల మీద దేవుడిలా కూర్చునుంటాడు. అటూ ఇటూ స్వేచ్ఛ, విజయం అనే దేవతలు. చుట్టూ తొలి పదమూడు రాష్ట్రాలకి గుర్తుగా పదమూడుమంది కన్యలు. కింది వరసలో తమాషా చూడండి. చదువుల తల్లి మినర్వా పాఠం చెప్తుంటే వింటున్నవాళ్ళు ఫ్రాంక్లిన్, టెలిగ్రాఫ్ కనిపెట్టిన మోర్స్, ఆవిరి ఓడ నడిపిన ఫుల్టన్. పంటల తల్లి సెరెస్ కోతకోసే యంత్రమెక్కి కూర్చుంది. వీనస్ సముద్రంలో నిలబడి టెలిగ్రాఫ్ తీగ పరుస్తోంది! అందంగానే వుంటుంది. కాని కాస్సేపు చూశాక మనసులో ఒకటి తడుతుంది. అక్కడ ఊరూ పేరూ వున్న మనుషులంతా మగవాళ్ళు. ఆడవాళ్ళేమో అందరూ దేవతలు. ఇల్లాల్ని గృహలక్ష్మి అని పిలిచి, ఇంటి పత్రంలో పేరు రాయడానికి మాత్రం వెనకాడే ఇళ్ళు మనకి కొత్త కాదు. ఆ ధోరణి సముద్రాలకి అవతల కూడా వున్నదన్నమాట.

బ్రుమిడి సంగతి మరో మాట చెప్పి ముందుకి వెళ్తాను. అదే మండపంలో గోడ చుట్టూ 58 అడుగుల ఎత్తున దేశచరిత్రని పట్టీలాగ చిత్రించడం మొదలుపెట్టాడు. 1879 అక్టోబరులో, డెబ్భై నాలుగేళ్ళ వయసులో, మంచె మీద కుర్చీ జారింది. నిచ్చెన మెట్టు పట్టుకుని పావుగంట గాలిలో వేలాడాడు. కాపలావాళ్ళు వచ్చి రక్షించారు కాని తర్వాత కొద్ది నెలలకే, 1880 ఫిబ్రవరిలో పోయాడు. ఆ పట్టీ ఇంకొకాయన చేతిలో కూడా పూర్తికాక, 31 అడుగుల ఖాళీ మిగిలిపోయి, చివరికి 1953లో ఎలెన్ కాక్స్ అనే చిత్రకారుడు ముగించాడు.

మండపం గోడలకి 12 అడుగుల ఎత్తు, 18 అడుగుల వెడల్పు తైలవర్ణ చిత్రాలు ఎనిమిది. నాలుగు జాన్ ట్రంబుల్ వేసినవి. స్వాతంత్ర్య ప్రకటన చిత్రం వాటిల్లోదే. ఆ ఎనిమిదింట్లో ఒక నిజమైన స్త్రీ పేరు మీద వున్నది ఒకటి, 1840 నాటిది. పోకహాంటస్ అనే ఆదివాసీ నాయకుడి కూతురు క్రైస్తవం పుచ్చుకుంటున్న ఘట్టం. మోకాళ్ళ మీద తల వంచుకుని వుంటుంది. ఆ ఎనిమిది చిత్రాల్లో ఆమెకి చోటు దొరికింది తన వాళ్ళని వదిలి వచ్చే సందర్భంలోనే.

ఇప్పుడు ఆ ఇంట్లోకి ఉలి పట్టుకుని వచ్చిన అమ్మాయి కథ. పేరు విన్నీ రీమ్. 1847లో పుట్టింది. యుద్ధం రోజుల్లో మగవాళ్ళు పటాలాలకి పోతే ఆడపిల్లలకి పోస్టాఫీసు గుమాస్తా ఉద్యోగాలు దొరికాయి, ఈమెకీ అలాగే దొరికింది. ఒకనాడు క్లార్క్ మిల్స్ శిల్పశాల చూడ్డానికి వెళ్ళింది. ఫిలిప్ రీడ్ పనిచేసిన ఆ మిల్సే. అక్కడ మట్టి చేతికి తీసుకున్న పిల్ల ఆయనకి శిష్యురాలైపోయింది. లింకన్ గారు రోజుకి అరగంట చొప్పున నెలల తరబడి తన ఎదుట కూర్చున్నారని ఆమె చెప్పుకునేది. 1865లో లింకన్ హత్య జరిగింది. మరుసటేడు ఆయన నిలువెత్తు పాలరాతి విగ్రహం చెక్కే పనిని కాంగ్రెస్ ఈమెకి అప్పగించింది. ఆమెకి 18 ఏళ్ళు. సొమ్ము 10,000 డాలర్లు. అమెరికా ప్రభుత్వం ఒక స్త్రీకి విగ్రహం పని ఇవ్వడం అదే మొదలు.

ఇంకేముంది, నోళ్ళు లేచాయి. సమ్నర్ అనే పెద్ద సెనేటరు ఈ పిల్ల వల్ల ఏమవుతుందని సభలో లేచి మాట్లాడాడు. పత్రికలవాళ్ళు ఆమె ఉంగరాల జుట్టు గురించి రాశారు, కళ్ళ గురించి రాశారు, చేతిపని గురించి మాత్రం తక్కువ రాశారు. ఆడవాళ్ళూ ఊరుకోలేదు. జేన్ స్విస్‌హెల్మ్ అనే పేరున్న రచయిత్రి, ఈమె వయ్యారాలు పోయి ఈ పని సంపాదించిందన్న ధోరణిలో దెప్పింది. అందరికంటే నాకు బాధ కలిగించేది అదే. అంతటితో అయిందా? 1868లో ప్రెసిడెంటు ఆండ్రూ జాన్సన్ మీద సెనేట్‌లో విచారణ జరిగింది. ఒక్క ఓటు తేడాతో ఆయన పదవి దక్కింది. ఆయన్ని కాపాడే పక్షాన ఓటేసిన రాస్ అనే సెనేటరు రీమ్ వాళ్ళ ఇంట్లో అద్దెకుండేవాడు. ఈ పిల్లే ఆయన మనసు విరిచిందని కక్షగట్టి, కాపిటల్‌లో ఆమె పనిచేసుకునే గదిని ఖాళీ చేయించారు. తర్వాత కొందరు సభ్యులు కల్పించుకుంటే గది మళ్ళీ దక్కింది. ఆమె ఇటలీ వెళ్ళి, పాలరాయిలో విగ్రహం పూర్తిచేసుకుని వచ్చింది. 1871 జనవరి 25న మండపంలో దాన్ని ఆవిష్కరించారు. చేతిలో బానిస విమోచన ప్రకటన పట్టుకుని, దాన్ని అందుకునేవాళ్ళ వైపు చూస్తున్నట్టు తల వంచిన లింకన్. ఇప్పటికీ ఆ మండపంలోనే వుంది.

విన్నీ రీమ్ 1878లో ఒక సైనిక ఇంజనీరుని పెళ్ళి చేసుకుంది. ఆయనకి ఇష్టం లేక చాలా ఏళ్ళు ఉలి పక్కన పెట్టేసింది. మళ్ళీ పట్టింది వయసు మళ్ళాక. ఇది చదివి నేను చాలాసేపు ఊరుకున్నాను.

కాపిటల్‌లో పాత ప్రతినిధుల సభ గది వుంది. ఒక మూల గుసగుసలాడితే ఇంకో మూల వినిపిస్తుంది, గోల్కొండలో చప్పట్లు కొట్టినట్టు. 1864లో చట్టం చేసి దాన్ని విగ్రహశాలగా మార్చారు. రాష్ట్రానికి రెండు విగ్రహాలు చొప్పున పంపుకోవచ్చు. రాష్ట్రాలన్నీ సేనాపతుల్నీ గవర్నర్లనీ పంపాయి. మొదటి స్త్రీమూర్తి రావడానికి 41 ఏళ్ళు పట్టింది. 1905లో ఇల్లినాయ్ రాష్ట్రం ఫ్రాన్సెస్ విలార్డ్ విగ్రహం పంపింది. సారాకి వ్యతిరేకంగా ఆడవాళ్ళని కూడగట్టిన మనిషి. చెక్కిందీ స్త్రీయే, హెలెన్ మియర్స్. సారా వ్యతిరేకోద్యమం అంటే మన నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుకు రావడం లేదూ!

ఇక ముగ్గురమ్మల కథ. లుక్రీషియా మాట్, ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సూజన్ ఆంథొనీ. ఆడవాళ్ళకి ఓటు కావాలని జీవితమంతా తిరిగినవాళ్ళు. మాట్ పుట్టింది 1793లో, అంటే ఈ భవనం శంకుస్థాపన జరిగిన ఏడే. ఆంథొనీ 1872లో వెళ్ళి ధైర్యంగా ఓటేసింది. దానికి అరెస్టు చేసి 100 డాలర్లు జుల్మానా వేస్తే పైసా కట్టలేదు. 1920 ఆగస్టులో అమెరికా స్త్రీలకి ఓటు వచ్చేనాటికి ముగ్గురూ లేరు.

వాళ్ళ విగ్రహం చెక్కింది ఎడిలేడ్ జాన్సన్. ఈమె కథ ఒక నవలే. పాతికేళ్ళయినా లేని వయసులో షికాగోలో ఒక భవనంలో లిఫ్టు గోతిలో పడిపోయి ఎముకలు విరిగాయి. నష్టపరిహారంగా వచ్చిన డబ్బుతో యూరప్ వెళ్ళి శిల్పం నేర్చుకుంది! పెళ్ళినాడు తోడిపెళ్ళికూతుళ్ళుగా తాను చెక్కిన స్టాంటన్, ఆంథొనీల ప్రతిమల్ని నిలబెట్టుకుంది. పెళ్ళయ్యాక భర్తే ఆమె ఇంటిపేరు పెట్టుకున్నాడు. మావారికి ఈ మాట చెప్తే పేపరు పైకెత్తుకున్నారు.

ఆమె ఇటలీలో, కరారా పాలరాతిలో ఈ ముగ్గుర్నీ ఒకే రాతిలోంచి నడుము దాకా లేపింది. బరువు ఏడు టన్నులు. స్త్రీల పార్టీ ఒకటి దీన్ని కాంగ్రెస్‌కి కానుకగా తెచ్చింది. కానుక పుచ్చుకోడానికి కూడా కమిటీ మొదట మొరాయించింది. చివరికి ఆంథొనీ పుట్టినరోజున, 1921 ఫిబ్రవరి 15న, 70కి పైగా మహిళా సంఘాలవాళ్ళు వచ్చి నిలబడగా మండపంలో ఆవిష్కరణ జరిగింది. పువ్వులు, పాటలు, ఉపన్యాసాలు. జనం వెళ్ళీ వెళ్ళకముందే విగ్రహాన్ని కిందికి దించేశారు. మండపం కింద నలభై స్తంభాల గది ఒకటి వుంది. వాషింగ్టన్ సమాధి కోసం దాని అడుగున చోటు చేశారు, ఆయన కుటుంబం ఒప్పుకోక అది ఖాళీగా వుండిపోయింది. అప్పట్లో ఆ గది సామాన్లు పడేసే చోటు. అదీ ముగ్గురమ్మలకి విడిది. అంతేకాదు, విగ్రహం మీద బంగారు అక్షరాలతో ఒక రాత వుండేది. స్త్రీకి ఆత్మే లేదన్నారు, తర్వాత బుద్ధి లేదన్నారు, ఇప్పుడు ఆమె లేచి నిలబడిందన్న అర్థంలో. అది మరీ పొగరుగా తోచింది కాబోలు, అదే ఏడు ఆ అక్షరాల మీద రంగు పూసేశారు.

ఆ 1921లోనే ఇక్కడ మన మద్రాసు శాసనసభ, అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులోనివే, ఆస్తిపాస్తులున్న స్త్రీలకి ఓటిస్తూ తీర్మానించింది. బ్రిటిష్ ఇండియాలో అదే మొదటి రాష్ట్రం. అందరికీ రావడం 1950లో రాజ్యాంగంతో. ఆ రాజ్యాంగసభలో మన దుర్గాబాయి గారు కూర్చుని సవరణ మీద సవరణ తెచ్చి మాట్లాడారు.

విగ్రహాన్ని పైకి తెమ్మని 1928లో అడిగారు, 1932లో అడిగారు, 1950లో అడిగారు. అయ్యే పని కాదన్నారు. ఏడు టన్నులు మండపం నేల ఆపలేదన్నారు. పరీక్ష చేస్తే ఆపగలదని తేలింది. విగ్రహం అందంగా లేదన్నారు, స్నానాల తొట్టిలో ముగ్గురు ఆడవాళ్ళని వెక్కిరించారు. సేనాపతుల విగ్రహాలకి అందం పరీక్ష ఎవరు పెట్టారో మరి! ఎడిలేడ్ జాన్సన్‌కి చివరి రోజులు కష్టంగానే గడిచాయి. 1939లో పన్నులు కట్టలేక ఇల్లు పోయే పరిస్థితి వస్తే, పత్రికలవాళ్ళని పిలిచి, వాళ్ళ ఎదుటే తన శిల్పాలు తానే పగలగొట్టింది. 1955లో పోయింది. విగ్రహం ఇంకా కిందే వుంది.

1995లో స్త్రీల ఓటుకి 75 ఏళ్ళు నిండాయి. మళ్ళీ కదలిక వచ్చింది. సెనేట్ సరేనంది కాని ప్రతినిధుల సభలో ఖర్చు ఎవరు పెడతారని పేచీ. ప్రభుత్వ సొమ్ము పైసా వద్దని చెప్పి, ఆడవాళ్ళు చందాలు పోగుచేసి 75,000 డాలర్లు సమకూర్చారు. 1997 మే నెలలో, వాళ్ళు మాతృదినం జరుపుకునే వారాంతంలో, ముగ్గురమ్మలు పైకొచ్చారు. 76 ఏళ్ళు!

అప్పుడు ఇంకో గొడవ లేచింది, అది న్యాయమైన గొడవ. ఓటు కోసం తిరిగినవాళ్ళలో నల్లజాతి స్త్రీలు లేరా అని వాళ్ళ సంఘం అడిగింది. సొజర్నర్ ట్రూత్ అని, బానిసగా పుట్టి ఊరూరా తిరిగి మాట్లాడిన మహా ధీర. ఆమె ముఖం కూడా ఆ రాతిలో చెక్కమన్నారు. ఒకరు చెక్కిన దాని మీద ఇంకొకరు ఉలి పెట్టడం కుదరదన్నారు. చివరికి 2009లో ఆమె ప్రతిమ విడిగా వచ్చింది, కాపిటల్‌లో నల్లజాతి స్త్రీకి దక్కిన మొదటి శిల్పం. అది వున్నది భూమిలోపల కట్టిన కొత్త సందర్శకుల భవనంలో. అక్కడి పెద్ద హాలుకి విమోచన మందిరమని పేరు. అందులోనే స్వేచ్ఛాదేవత మొదటి నమూనా, రీడ్ కప్పీ వేసి ఎత్తించినది, నేల మీద దగ్గర్నుంచి చూసేలా నిలబెట్టారు. భవనం కట్టిన బానిసల గుర్తుగా 2012లో అదే ఎక్వియా క్రీక్ రాయి ఒకటి అక్కడ పెట్టారు, ఉలి గాట్లు కనబడేట్టుగా.

ఆ తర్వాత నిజమైన ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. పంపుదగ్గర నీళ్ళు చేతి మీద పడుతుంటే మొదటి మాట నేర్చుకుంటున్న హెలెన్ కెల్లర్, ఏడేళ్ళ పిల్లగా, 2009లో. బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్ 2013లో. ఫ్లారిడా రాష్ట్రం ఒక పాత సేనాపతిని తీసేసి 2022లో మేరీ బెతూన్ అనే నల్లజాతి పంతులమ్మ విగ్రహం పంపింది. ఇటు సభల్లో కూర్చునే ఆడవాళ్ళ సంగతీ ఒక్క ముక్క చెప్పాలి. మొదటి సభ్యురాలు జెనెట్ రాంకిన్ వచ్చింది 1917లోనే. కాని ప్రతినిధుల సభ గది దగ్గర ఆడ సభ్యులకి మరుగుదొడ్డి ఏర్పాటైంది 2011లో! అప్పటిదాకా దూరం నడిచి వెళ్ళి రావాలి, ఈలోపల ఓటింగ్ అయిపోతే అయిపోయినట్టే.

ముగ్గురమ్మల విగ్రహం వెనక వైపు చెక్కని రాయి ఒక గుట్టలా లేచి వుంటుంది. ఎడిలేడ్ జాన్సన్ దాన్ని కావాలనే వదిలింది. ఈ పోరాటం ముగియలేదని సూచించడానికని కొందరంటారు. ఆ దేశానికి మొదటి స్త్రీ ప్రెసిడెంటు వచ్చినప్పుడు ఆమె ముఖం అక్కడ చెక్కుతారని జనంలో ఒక మాట వుంది. 2016లో హిల్లరీ క్లింటన్ ఓడింది. తల్లి వైపున తమిళ నేల మూలాలున్న కమలా హారిస్ 2021 నుంచి 2025 దాకా వైస్ ప్రెసిడెంటుగా సెనేట్ అధ్యక్ష స్థానంలో కూర్చుంది, 2024లో పెద్ద పదవికి పోటీచేసి ఓడింది. కాపిటల్ చూడ్డానికి టిక్కెట్టు లేదు, ఉచితమే. మండపంలోకి తీసుకెళ్ళినవాళ్ళు అందర్నీ కప్పు మీది దేవతల్ని చూడమంటారు. చూడండి. తర్వాత ఆ విగ్రహం వెనక్కి కూడా ఓసారి నడిచి వెళ్ళండి, ఉలి పడని ఆ రాయి అక్కడే వుంది.